పేరు తెలియని అధికారికి ఉత్తరం: కవరు మీద ఏం రాయాలి, లోపల ఎలా మొదలుపెట్టాలి

చెప్పాల్సిన విషయం మనసులో సిద్ధంగానే ఉంటుంది. బిల్లు తప్పుగా వచ్చింది, ఉద్యోగానికి దరఖాస్తు పంపాలి, రావాల్సిన సర్టిఫికెట్ ఇంకా రాలేదు. కలం ఆగేది మొదటి పంక్తి దగ్గర. అవతల ఉన్నదెవరు? ఆడా, మగా? ఒకరా, పదిమంది ఉన్న కమిటీయా? ఏదీ తెలియనప్పుడు ఎక్కువమందికి చేతికొచ్చే మాట 'డియర్ సర్', తెలుగులో అయితే 'అయ్యా'. దాని పైన చిరునామాలో 'మేనేజర్ గారికి' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఉత్తరం దారి తప్పడానికి ఆ ఒక్క ముక్క చాలు.

ఆఫీసుకు రాసే ఉత్తరం కుర్చీకి రాస్తున్నామని అనుకోండి. కుర్చీలో ఇవాళ ఎవరున్నారో తెలియకపోయినా ఫరవాలేదు, ఏ కుర్చీయో తెలిస్తే పని జరుగుతుంది. మనిషి బదిలీ అవుతారు, సెలవు పెడతారు, రిటైర్ అవుతారు. ఆయన చూస్తున్న పని మాత్రం ఆ సీటుకే అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే పేరు తెలియకపోవడం పెద్ద లోపం కాదు. ఏ విభాగమో, ఏ పనో చెప్పకపోవడం పెద్ద లోపం.

కవరు విప్పే చేతులు

మీ ఉత్తరాన్ని మొదట చదివేది మీరు అనుకున్న అధికారి కాదు, తపాలు చూసే గుమస్తా. కాస్త పెద్ద ఆఫీసు ఏదైనా సరే, జరిగేది ఇంచుమించు ఇలాగే ఉంటుంది. కవరు చింపుతారు, లోపలి కాగితం మీద తేదీ ముద్ర వేస్తారు, ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఒక వరుస నింపుతారు. ఆ వరుసలో గళ్లు కొన్నే ఉంటాయి: నంబరు, తేదీ, ఎవరి నుంచి, విషయం, ఏ సెక్షన్‌కు. ఇప్పుడు రిజిస్టర్‌లో కాకుండా కంప్యూటర్‌లో నింపుతున్నా గళ్లు మాత్రం అవే.

ఆ గళ్లు నింపడానికి ఉత్తరం మొత్తం చదివే తీరిక ఎవరికీ ఉండదు. కాగితం పై మూడో వంతులో కళ్లకు ఏది కనబడితే అదే రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. మీ పేరు, మీరు రాసిన విభాగం, 'విషయం' అన్న పంక్తి ఆ భాగంలోనే ఉంటే గుమస్తా అక్కడినుంచే ఎత్తి రాసేసుకుంటారు. లేకపోతే ఊహించాలి. నలుగురు మేనేజర్లున్న చోట 'మేనేజర్ గారికి' అని వచ్చిన కాగితాన్ని ఊహ ప్రకారం ఒకరి బల్ల మీద పెడతారు. అది ఆ సెక్షన్‌ది కాకపోతే 'మా సెక్షన్‌కు సంబంధించినది కాదు' అని రాసి వెనక్కి పంపుతారు. అలా రెండు బల్లలు తిరిగేసరికి మీ గడువు దాటిపోవచ్చు.

ఎలా సంబోధించాలన్న ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు ఈ మొదటి పాఠకుడిని మనసులో పెట్టుకోండి. అధికారికి మర్యాదగా అనిపించాలి, సరే. అంతకంటే ముందు కవరు విప్పిన మనిషికి అది ఎక్కడికి వెళ్లాలో ఒక్క చూపులో తెలియాలి.

పేరు వెతకాలా, వద్దా?

అన్ని ఉత్తరాలకూ పేరు వెతకక్కర్లేదు. బిల్లు ఫిర్యాదు, చిరునామా మార్పు, సర్టిఫికెట్ కోసం అర్జీ, సమాచారం అడగడం లాంటివి హోదాకు రాస్తేనే మంచిది. పేరు పెడితే కొన్నిసార్లు నష్టం కూడా. కొన్ని ఆఫీసుల్లో కవరు మీద మొదటి పంక్తిలో వ్యక్తి పేరు, దాని కింద సంస్థ పేరు ఉంటే అది సొంత ఉత్తరమని భావించి విప్పకుండా ఆ వ్యక్తి బల్ల మీద పెడతారు. ఆయన నెలరోజులు సెలవులో ఉంటే ఉత్తరం కూడా సెలవులో ఉన్నట్టే. 'పర్సనల్' అనో, 'కాన్ఫిడెన్షియల్' అనో రాస్తే ఇక ఎవరూ ముట్టుకోరు.

పేరు తెలుసుకోవడం నిజంగా అక్కరకొచ్చేది ఉద్యోగ దరఖాస్తు, సిఫారసు కోరే ఉత్తరం, వ్యాపార ప్రతిపాదన, చిన్న సంస్థకు రాసే ఏ లేఖయినా. ఇక్కడ చదివే మనిషి నిర్ణయం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పేరు పెట్టి రాస్తే మీరు శ్రద్ధ తీసుకున్నారని తెలుస్తుంది. ముందు ఆ సంస్థ నుంచి మీకు ఇదివరకు వచ్చిన ఉత్తరాల కింద సంతకం ఎవరిదో చూడండి. తర్వాత ఉద్యోగ ప్రకటన చివరి పంక్తులు, సంస్థ వెబ్‌సైట్‌లో సిబ్బంది పేజీ, వార్షిక నివేదిక. అక్కడా దొరక్కపోతే రిసెప్షన్‌కు ఒక్క ఫోన్ చేయండి.

ఫోన్‌లో 'మీ మేనేజర్ పేరేంటి?' అని అడిగితే చాలామంది చెప్పరు, ఎందుకని ఎదురు అడుగుతారు. ఇలా అడగండి: "ఫలానా పోస్టుకు దరఖాస్తు పంపుతున్నాను. ఎవరి పేరున పంపాలి? పేరు స్పెల్లింగ్, హోదా ఒక్కసారి చెబుతారా?" పని ముందు చెప్పి, పేరు తర్వాత అడిగితే జవాబు తేలిగ్గా వస్తుంది. చెప్పింది చెప్పినట్టు అక్షరం అక్షరం రాసుకుని, తిరిగి చదివి వినిపించండి. ఆడా మగా అని తెలియకపోతే 'ఆయన' అని ఊహించి మాట్లాడకండి. 'వారిని ఎలా సంబోధించమంటారు?' అంటే సరిపోతుంది. డాక్టర్, ప్రొఫెసర్ లాంటి బిరుదు ఉంటే అదీ ఇప్పుడే తెలిసిపోతుంది.

పాత పేరు, తప్పు పేరు పెట్టడం కంటే అసలు పేరు లేకపోవడమే మేలు. వెబ్‌సైట్‌లో కనిపించిన పేరు ఎప్పటిదో తెలియకపోతే హోదాకే రాయండి.

చిరునామా ఎలా పేర్చాలి

లోపలి కాగితం మీద ఎడమవైపు మీ చిరునామా, తేదీ, వాటి కింద అవతలివారి చిరునామా వస్తాయి. అవతలివారి చిరునామాలో చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్లాలి: హోదా, విభాగం, సంస్థ, భవనం లేదా వీధి, ఊరు, పోస్టల్ కోడ్. ఉదాహరణకు ఇలా:

మేనేజర్,
బిల్లింగ్ ఫిర్యాదుల విభాగం,
(సంస్థ పూర్తి పేరు),
(వీధి, భవనం నంబరు),
(ఊరు, పోస్టల్ కోడ్)

ఇందులో పని చేసేది రెండో పంక్తి. హోదా సరిగ్గా తెలియకపోయినా ఆ పంక్తి ఉంటే ఉత్తరం చేరుతుంది. విభాగం పేరు కూడా తెలియకపోతే పనిని బట్టి రాయండి: 'రీఫండ్ దరఖాస్తులు పరిశీలించే అధికారి గారికి', 'హాస్టల్ ప్రవేశాలు చూసే అధికారి గారికి'. ఇది పూర్తిగా సరైన పద్ధతే. చేయకూడనిది హోదాను సృష్టించడం. ఆ సంస్థలో లేని 'చీఫ్ ఫిర్యాదుల అధికారి' పేరున పంపితే అది తమది కాదని ప్రతి సెక్షనూ అనుకోవచ్చు. 'సంబంధిత అధికారి గారికి' అన్నది చిట్టచివరి మాట. దాన్ని వాడక తప్పకపోతే విషయం పంక్తిలో పనిని మరింత స్పష్టంగా చెప్పాలి.

వ్యక్తి పేరు తెలుసు, కానీ ఆయన లేకపోయినా ఆఫీసు విప్పి చూడాలి అనుకుంటే 'అటెన్షన్' పంక్తి వాడతారు. సంస్థ పేరునే గ్రహీతగా పెట్టి, దానికి పై పంక్తిలో 'అటెన్షన్: ఫలానా వారు' అని రాయాలి. ఈ పంక్తిని కవరు అడుగున, ఊరి పేరు కింద రాయడం తప్పు. తపాలా యంత్రాలు చిరునామాను కింద నుంచి పైకి చదువుతాయి. ముందు పోస్టల్ కోడ్, ఊరు చూసుకుని, తర్వాత వీధి దగ్గరికి వస్తాయి. అడుగు పంక్తిలో పేరో, ఫోన్ నంబరో ఉంటే యంత్రం తడబడుతుంది, కవరు పక్కకు పడి మనిషి చేతికి వెళుతుంది, ఆలస్యమవుతుంది. విదేశానికి పంపే కవరు మీద మాత్రం అట్టడుగు పంక్తి దేశం పేరు. దాన్ని పెద్ద అక్షరాల్లో, విడిగా రాయాలి.

'కేరాఫ్'ను 'అటెన్షన్'గా పొరబడేవారు చాలామంది. కేరాఫ్ అంటే ఉత్తరం అందుకోవాల్సిన మనిషి ఆ చిరునామాకు చెందరు, ఇంకొకరి ద్వారా అందుకుంటారు అని. మీ ఫిర్యాదును 'మేనేజర్, కేరాఫ్ ఫలానా సంస్థ' అని రాస్తే ఆ మేనేజర్ ఆ సంస్థవారు కాదన్న అర్థం వస్తుంది.

కవరు మీద రాసిందీ, లోపల రాసిందీ ఒకటే ఉండాలి. కవరు మీద ఒక విభాగం, లోపల ఇంకో విభాగం ఉంటే కాగితం విప్పాక కవరు చెత్తబుట్టలోకి పోతుంది, లోపలిదే మిగులుతుంది. ఉద్యోగానికో, కోర్సుకో దరఖాస్తు అయితే ప్రకటనలో ఇచ్చిన పోస్టు పేరు, కోడ్ నంబరు కవరు పైభాగాన కూడా రాయండి. అలాంటి కవర్లను చాలాచోట్ల విప్పకుండానే వేరు చేసి కట్టలు కడతారు.

తెలుగులో రాసేటప్పుడు

ఇక్కడ తెలుగు మనకు చేసే మేలు గొప్పది, దాన్ని మనమే సరిగా వాడుకోవడం లేదు. ఆడా మగా తెలియని మనిషిని ఇంగ్లీషులో పిలవాలంటే సర్, మేడమ్ అని రెండూ పెట్టాలి. తెలుగులో 'గారు' అన్న ఒక్క మాటకు లింగభేదం లేదు. 'మీరు'కు లేదు, 'వారు'కు లేదు, దానికి తగిన క్రియలకూ లేదు. 'గౌరవనీయుడు', 'గౌరవనీయురాలు' అని ఏకవచనంలోకి వెళితేనే చిక్కు. 'గౌరవనీయులైన' అని గౌరవ బహువచనంలో ఉంటే ఒక్కరైనా పదిమందైనా, ఆడవారైనా మగవారైనా అందరికీ చెల్లుతుంది.

కాబట్టి పేరు తెలియనప్పుడు రాయాల్సిన సంబోధన ఇది:

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

అంతే. దాని కింద మళ్లీ 'అయ్యా' అక్కర్లేదు. ఈ ఒక్క అలవాటు మారితే చాలు, ఎన్నో ఉత్తరాలు బాగుపడతాయి. 'అయ్యా' అని మొదలుపెట్టిన కాగితం ఒక మహిళా అధికారి బల్ల మీదికి వెళ్లినప్పుడు, ఈ సీట్లో మగవారే ఉంటారని రాసినవారు ముందే తేల్చేసుకున్నట్టు ఉంటుంది. మీకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ రాసిన అక్షరం అదే చెబుతుంది. 'ఆర్యా', 'మహాశయా' వినడానికి ఎంత గంభీరంగా ఉన్నా అవీ మగవారిని పిలిచే మాటలే. పిలుపు ఉండి తీరాలి, లేకపోతే వెలితిగా ఉంటుంది అనిపిస్తే 'అమ్మా/అయ్యా' అని రెండూ రాయండి.

హోదా పేరులోనే లింగం దాగి ఉన్నప్పుడు జాగ్రత్త కావాలి. 'అధికారి', 'కార్యదర్శి', 'మేనేజర్', 'ప్రిన్సిపాల్' ఎవరికైనా సరిపోతాయి. 'అధ్యక్షుడు', 'సంచాలకుడు', 'ప్రధానోపాధ్యాయుడు' అలా కాదు. పైగా 'అధ్యక్షుడు గారికి' అంటే 'డు' అన్న ఏకవచనానికీ 'గారు' అన్న గౌరవానికీ పొత్తు కుదరదు. 'అధ్యక్షులవారికి', 'సంచాలకులవారికి', 'ప్రధానోపాధ్యాయులవారికి' అని రాస్తే రెండు సమస్యలూ ఒక్క దెబ్బతో తీరతాయి. చెవికి ఇంపుగానూ ఉంటుంది.

'శ్రీ' అన్నది పేరు ముందు పెట్టే మాట. 'శ్రీ మేనేజర్ గారికి' అనకూడదు. పేరు తెలిసి మనిషి గురించి ఏమీ తెలియనప్పుడు 'శ్రీమతి' అని పెళ్లి సంగతి ఊహించడమూ వద్దు. పేరు పక్కన 'గారు' ఉంటే శ్రీ, శ్రీమతి, కుమారి ఏవీ లేకపోయినా గౌరవం రవ్వంత తగ్గదు.

'దివ్య సముఖమునకు', 'నేను తమకు వ్రాసుకొను విన్నపము ఏమనగా' లాంటి పాత పద్ధతులు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. వాటిలో తప్పు లేదు. కాకపోతే అవి రెండు మూడు పంక్తుల చోటు తినేస్తాయి, అసలు విషయం కిందికి జారిపోతుంది. పైన చెప్పిన గుమస్తా చూపు అంత దూరం రాదు. ఇంకొకటి: ఒక పంక్తిలో 'తమరు', తర్వాతి పంక్తిలో 'మీరు' అని కలపకండి. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దాన్నే పట్టుకోండి. సాధారణంగా 'మీరు' చాలు.

ముగింపులో 'ఇట్లు' తర్వాత 'విధేయుడు' లేదా 'విధేయురాలు' అని రాయడం బడి నుంచి వచ్చిన అలవాటు. విద్యార్థి ప్రధానోపాధ్యాయులకు, ఉద్యోగి పై అధికారికి రాసేటప్పుడు అది సహజం. డబ్బు కట్టిన వినియోగదారు ఒక కంపెనీకి రాసే ఫిర్యాదులో విధేయత అక్కర్లేదు. 'భవదీయుడు', 'భవదీయురాలు' సరిపోతాయి. నలుగురు కలిసి సంతకం చేస్తే 'భవదీయులు'. ఇక్కడ లింగం రాసేవారిది కాబట్టి ఊహించే పని లేదు.

ఇంగ్లీషులో రాసేటప్పుడు

ఇంగ్లీషు లేఖలో పేరు తెలియనివారికి అన్నిచోట్లా చెల్లే సంబోధన 'డియర్ సర్ ఆర్ మేడమ్'. 'ఆర్' బదులు మధ్యలో ఏటవాలు గీత (/) పెట్టినా తప్పు కాదు గానీ, 'ఆర్' అని రాస్తే ఫారం నింపినట్టు ఉండదు. ఒంటరిగా 'డియర్ సర్' రాయొద్దు, కారణం 'అయ్యా' దగ్గర చెప్పిందే. కంపెనీని బహువచనంలో 'డియర్ సర్స్' అని పిలవడం ఒకప్పుడు మామూలు. ఇప్పుడు దాన్ని వదిలేయడమే మంచిది. మన దగ్గర బాగా వాడే 'రెస్పెక్టెడ్ సర్' బయటి దేశాలవారికి వింతగా వినబడుతుంది. 'డియర్ రెస్పెక్టెడ్ సర్' అయితే ఎక్కడా సరికాదు.

వీటన్నిటికంటే మంచిది హోదాతో పిలవడం: 'డియర్ హైరింగ్ మేనేజర్', 'డియర్ అడ్మిషన్స్ కమిటీ', 'డియర్ ఎడిటర్', 'డియర్ కస్టమర్ సర్వీస్ టీమ్'. చదివే మనిషికి అది తనకే రాసినట్టు ఉంటుంది, ఆడా మగా అన్న గొడవా ఉండదు. 'చైర్మన్' అని ఊహించకండి, ఆ సంస్థ తన పత్రాల్లో 'చైర్‌పర్సన్' అని వాడుతుంటే అదే వాడండి.

సంబోధనకూ ముగింపుకూ జత కుదరాలి. బ్రిటిష్ పద్ధతిలో 'డియర్ సర్ ఆర్ మేడమ్' అని మొదలుపెడితే 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అని ముగించాలి. పేరు పెట్టి మొదలుపెడితే 'యువర్స్ సిన్సియర్లీ'. గుర్తు పెట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది: సర్, సిన్సియర్లీ రెండూ ఎస్‌తో మొదలయ్యేవి, ఆ రెండు ఎస్‌లు ఒకే ఉత్తరంలో కలవకూడదు. అమెరికన్ పద్ధతిలో 'సిన్సియర్లీ' అన్నిటికీ నడుస్తుంది. సంబోధన తర్వాత అమెరికాలో కోలన్, బ్రిటన్‌లో కామా పెడతారు. 'యువర్స్' అన్న మాటలో ఎస్‌కు ముందు అపాస్ట్రఫీ పెట్టడం తరచుగా కనిపించే తప్పు. అక్కడ ఏ గుర్తూ ఉండదు. 'ఫెయిత్‌ఫుల్లీ'లో మొదటి అక్షరం చిన్నదే.

'టు హూమ్ ఇట్ మే కన్సర్న్' గురించి కాస్త వివరంగా చెప్పాలి, దీన్ని వాడినంత తప్పుగా ఇంకేదీ వాడరు. చదివేవారు ఎవరో రాసేటప్పుడు ఎవరికీ తెలియని పత్రానికి మాత్రమే ఇది సరిపోతుంది. అనుభవ ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం, సిఫారసు పత్రం లాంటివి. ఆ కాగితాన్ని పట్టుకెళ్లే మనిషి ఇవాళ ఒకచోట, వచ్చే ఏడాది ఇంకోచోట చూపిస్తారు. అక్కడ 'డియర్' అన్న మాట ఉండదు, ప్రతి పదం పెద్ద అక్షరంతో మొదలవుతుంది. ఉద్యోగ దరఖాస్తు పైన ఇదే రాస్తే 'ఎవరు చదివినా నాకొకటే' అన్నట్టు ధ్వనిస్తుంది. ఫిర్యాదు పైన రాస్తే పరిస్థితి ఇంకా అన్యాయం, అది తమకు సంబంధించింది కాదని ప్రతివారూ అనుకోవచ్చు. తెలుగులో ఈ మాటకు అనువాదం వెతికే పని లేదు. కాగితం మధ్యలో 'ధ్రువీకరణ పత్రం' అని శీర్షిక పెట్టి, 'ఇందుమూలంగా ధ్రువీకరించడమేమనగా' అని మొదలుపెడితే సంబోధన లేకుండానే పత్రం నిలబడుతుంది.

పేరు తెలిసి, ఆడా మగా తెలియకపోతే పూర్తి పేరు రాయండి: 'డియర్', ఆ తర్వాత పేరు మొత్తం. మిస్టర్, మిసెస్ ఏదీ వద్దు. ఇంటిపేరు ముందు వచ్చే సంప్రదాయాలు చాలా ఉన్నాయి. మన తెలుగుతో పాటు చైనా, జపాన్, హంగరీ పేర్లు అలాంటివే. ఏ ముక్క ఇంటిపేరో తెలియకుండా సగం పేరుతో పిలిచే ప్రమాదం పూర్తి పేరుతో తప్పుతుంది. మహిళ అని తెలిసి పెళ్లి సంగతి తెలియకపోతే 'మిజ్' అని పలికే ఎంఎస్ వాడాలి. ఈ మాట పుట్టిందే ఈ ఇబ్బంది నుంచి. 1901లో అమెరికాలోని మసాచుసెట్స్ పత్రిక ఒకటి, పెళ్లి అయిందో లేదో తెలియని మహిళను పిలవడానికి ఇది వాడొచ్చని సూచించింది. న్యూయార్క్ టైమ్స్ దాన్ని తన వార్తల్లో వాడడం మొదలుపెట్టింది 1986లో. తెలియని మనిషిని గౌరవంగా ఎలా పిలవాలో తేల్చుకోవడానికి ఒక భాషకు అంత కాలం పట్టింది.

విషయం పంక్తి

పేరు లేని ఉత్తరానికి పేరు చేసే పని విషయం పంక్తి చేస్తుంది. 'విషయం: ఫిర్యాదు గురించి' అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ఫిర్యాదుల విభాగానికి వచ్చేవన్నీ ఫిర్యాదులే కదా. ఇలా రాయండి: 'విషయం: మార్చి నెల బిల్లులో రెండుసార్లు వసూలు చేసిన మొత్తం తిరిగి ఇవ్వడం గురించి, ఖాతా నంబరు ఫలానా'. ఏం జరిగింది, ఏం కావాలి, ఏ నంబరు కింద వెతకాలి, ఈ మూడూ ఒక్క పంక్తిలో వచ్చేశాయి. ఇదివరకు ఉత్తరప్రత్యుత్తరాలు జరిగి ఉంటే దాని కిందే 'సూచిక' అని పెట్టి పాత లేఖ నంబరు, తేదీ ఇవ్వండి. తేదీలో నెలను అంకెతో కాక పేరుతో రాయండి. 5/6 అంటే కొందరికి జూన్ 5, కొందరికి మే 6.

విషయం పంక్తి సంబోధనకు పైన పెట్టాలా, కింద పెట్టాలా అని మథనపడక్కర్లేదు. రెండు పద్ధతులూ ఉన్నాయి. మొదటి పేరాకు ముందు, గీత గీసో అక్షరాలు లావు చేసో కనబడేలా ఉంటే చాలు.

ఈమెయిల్ అయితే

'ఇన్ఫో', 'సపోర్ట్', 'కాంటాక్ట్' లాంటి ఉమ్మడి పెట్టెలకు పంపే మెయిల్‌ను చాలాసార్లు ఒకరు కాదు, షిఫ్టుల్లో పనిచేసే కొందరు చూస్తారు. అక్కడ 'సపోర్ట్ టీమ్ వారికి' అన్న సంబోధన సరిగ్గా సరిపోతుంది. మెయిల్‌లో అవతలివారి పూర్తి చిరునామా అక్కర్లేదు, మీ పూర్తి పేరు, ఫోన్ నంబరు, ఖాతా నంబరు మాత్రం కింద ఉండి తీరాలి. వేరే విభాగానికి ఫార్వర్డ్ చేయాల్సి వస్తుందేమోనని మొదటి వాక్యంలోనే ఇది ఏ విభాగం పని అని చెప్పండి: 'ఇది రీఫండ్‌ల విభాగానికి చేరవలసిన మెయిల్. దయచేసి వారికి పంపగలరు.' జవాబు వచ్చాక అదే గొలుసులో కొనసాగించండి. కొత్త మెయిల్ మొదలుపెడితే చాలా వ్యవస్థల్లో కొత్త నంబరు పడుతుంది, పాత కథంతా మళ్లీ చెప్పాలి.

ఎవరికి పంపాలో తెలియక ఒకే మెయిల్‌ను ఐదారుగురికి 'టు'లో పెట్టి పంపడం ఇంకో పొరపాటు. ఇంకొకరు చూస్తున్నారులే అని అందరూ వదిలేస్తారు. 'టు'లో ఒక్క విభాగం ఉండాలి, మిగతావారు కాపీలో ఉండాలి. కాగితం మీద కూడా ఇంతే. సంతకం కింద ఎడమవైపు 'నకలు:' అని పెట్టి ఇంకెవరికి పంపుతున్నారో రాయండి. అప్పుడు బాధ్యత ఎవరిదో, తెలిసి ఉండాల్సింది ఎవరికో స్పష్టంగా ఉంటుంది. అలాగే చిన్న పనికి నేరుగా సంస్థ అధిపతికి రాస్తే తొందరగా అవుతుందనుకుంటారు. సాధారణంగా అక్కడినుంచి ఒక్కో మెట్టు దిగి వచ్చి అది అదే గుమస్తా, అదే సెక్షన్ దగ్గరికి చేరుతుంది. మొదట సెక్షన్‌కే రాసి, గడువులోగా జవాబు రాకపోతే ఆ మొదటి ఉత్తరం ప్రతిని జతచేసి పైవారికి రాయడం బలమైన పద్ధతి.

జవాబు వచ్చిందంటే ఇక మీకు పేరు తెలిసినట్టే. సంతకం కింద వారు తమ పేరు ఎలా రాసుకున్నారో, హోదా ఏం పెట్టుకున్నారో చూసి రెండో ఉత్తరంలో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. అయినా కవరు మీద హోదాను, విభాగాన్ని తీసేయకండి. పేరు 'అటెన్షన్' పంక్తిలోకి వెళుతుంది, వారి లేఖ నంబరు 'సూచిక'లోకి వెళుతుంది, సంబోధన 'గౌరవనీయులైన ఫలానా గారికి' అని మారుతుంది. ముగింపు ఇంగ్లీషులో ఇప్పుడు 'యువర్స్ సిన్సియర్లీ'.